పాత సీడీ ప్లేయర్‌లో పాట ఎందుకు గెంతుతుంది? విప్పే ముందు వినాల్సిన సంగతులు

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో పాత చార్జర్లు, రిమోట్ల గుట్టలో ఓ పోర్టబుల్ సీడీ ప్లేయర్ దొరుకుతుంది. లేదంటే ఇంట్లోనే అటక మీద, అన్నయ్య ఇంజినీరింగ్ రోజుల నాటి పెట్టెలో బయటపడుతుంది. రెండు సెల్స్ వేసి ప్లే నొక్కితే డిస్క్ తిరుగుతుంది, పాట మొదలవుతుంది. ఆ ఆనందం రెండో పాట దాకానే. తర్వాత చరణం మధ్యలో పాట తెగిపోతుంది, లేదా ఒకే మాట దగ్గర ఇరుక్కుని మళ్లీ మళ్లీ అదే వినిపిస్తుంది, లేదా ఏకంగా పక్క పాటకి దూకేస్తుంది. చూసినవాళ్లంతా వెంటనే అనే మాట, "లెన్స్ పోయింది."

చాలాసార్లు లెన్స్‌కి ఏమీ కాదు. అసలు గెంతడం అనేది ఏదో ఒక లోపం పేరు కూడా కాదు. కొత్త ప్లేయర్ అయినా సరే, డిస్క్ చదువుతున్నంతసేపూ దారి తప్పుతూనే ఉంటుంది, తప్పిన ప్రతిసారీ సర్దుకుంటూనే ఉంటుంది. ఆ సర్దుబాటుకి ఒక హద్దు ఉంది. అది దాటిన క్షణంలోనే మనకి పాట గెంతినట్టు వినిపిస్తుంది. కాబట్టి ఏ పార్టు పోయిందా అని వెతికేకంటే, ఆ హద్దుని ఏమేం కలిసి తినేస్తున్నాయో చూడటం మంచిది. అది అర్థమైతే స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే సగం పని అయిపోతుంది.

మూత కింద ఏం జరుగుతుంది

సీడీలో ఎక్కువ భాగం 1.2 మిల్లీమీటర్ల మందం ఉండే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని పైముఖం మీద, అంటే లేబుల్ ఉండే వైపు, కంటికి కనపడనంత చిన్న గుంటల వరుస ఉంటుంది. ఆ గుంటల మీద పల్చటి అల్యూమినియం పూత, దాని మీద ఒక రక్షణ పొర, ఆ పైన లేబుల్ ప్రింటు. గుంటల వరుస డిస్క్ లోపలి అంచు దగ్గర మొదలై చుట్లు చుట్లుగా బయటికి సాగుతుంది. నిండా పాటలున్న సీడీలో ఆ దారి పొడవు 5 కిలోమీటర్లు దాటుతుంది. పక్కపక్క చుట్ల మధ్య దూరం 1.6 మైక్రాన్లు మాత్రమే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఒక వెంట్రుక మందంలో 30 చుట్లైనా ఇమిడిపోతాయి.

కింద నుంచి 780 నానోమీటర్ల లేజర్ కిరణం లెన్స్ గుండా వెళ్లి ఆ గుంటల మీద ఒక చుక్కగా పడాలి. చుక్క సరిగ్గా ఏర్పడాలంటే లెన్స్‌కి, గుంటలకి మధ్య దూరం ఒకటి రెండు మైక్రాన్లకి మించి మారకూడదు. కానీ మంచి డిస్క్ కూడా తిరిగేటప్పుడు పైకీ కిందికీ కొంచెం ఊగుతుంది. అర మిల్లీమీటరు దాకా ఊగినా సీడీ ప్రమాణం ప్రకారం అది మంచి డిస్కే. పక్కకి 70 మైక్రాన్ల దాకా జరగొచ్చు. అంటే డిస్క్ ఒక్క చుట్టు తిరిగేలోపు లేజర్ కింద 40కి పైగా ట్రాకులు, అంటే ఆ గుంటల చుట్లు, అటూ ఇటూ పోగలవు.

అయినా పాట ఆగదు. ఎందుకంటే లెన్స్ ఒక చోట బిగించి ఉండదు. సన్నటి తీగల మీదో పల్చటి ప్లాస్టిక్ కీలు మీదో వేలాడుతూ, చుట్టూ ఉన్న కాయిల్స్, అయస్కాంతాల సాయంతో డిస్క్ ఎటు ఊగితే అటు తానూ కదులుతుంది. ఏ మాత్రం దూరం మారినా తిరిగొచ్చిన కాంతిని బట్టి సర్క్యూట్ పసిగట్టి వెంటనే సరిచేస్తుంది. లెన్స్ పక్కకి జరగగలిగింది కొంత దూరమే కాబట్టి, పాట సాగేకొద్దీ లెన్స్, లేజర్ కలిసి ఉన్న మొత్తం పికప్‌నే ఒక చిన్న మోటారు, పళ్ల చక్రాల సాయంతో పట్టాల మీద బయటి అంచు వైపు నెడుతుంది. ఈ బండిని స్లెడ్ అంటారు. డిస్క్‌ని తిప్పే స్పిండిల్ మోటార్ వేరే. అది లోపలి అంచు దగ్గర నిమిషానికి సుమారు 500 చుట్లు, బయటి అంచుకి వచ్చేసరికి 200 చుట్లు తిప్పుతుంది. ఎక్కడ చదివినా గుంటల వరుస లేజర్ మీదుగా సెకనుకి 1.2 నుంచి 1.4 మీటర్ల ఒకే వేగంతో సాగాలి కదా, అందుకని.

ఇంతా చేసి చదివిన డేటాలో కూడా తప్పులుంటాయి. వాటికి వేరే ఏర్పాటు ఉంది. పాటలోని ఒక్కో క్షణం డేటాని డిస్క్ మీద ఒకే చోట పెట్టకుండా చెల్లాచెదురుగా రాస్తారు, దానికి తోడు సరిచూసుకునే అంకెలు కలుపుతారు. దాంతో ట్రాక్ పొడవునా దాదాపు 2.5 మిల్లీమీటర్ల మేర ఏమీ చదవలేకపోయినా పోయిన డేటా మొత్తాన్ని చిప్ తిరిగి లెక్కకట్టగలదు. అంతకంటే ఎక్కువ పోతే ముందూ వెనకా ఉన్న శబ్దాన్ని బట్టి మధ్యలోది ఊహించి నింపుతుంది. అదీ కుదరకపోతే కాసేపు నిశ్శబ్దం. ట్రాక్‌నే వదిలేస్తే గెంతు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. లెన్స్ మీద దుమ్ము ఆ సర్దుబాటు హద్దులో కొంత తింటుంది. గట్టిపడ్డ గ్రీజు కొంత, నీరసపడ్డ సెల్స్ కొంత, డిస్క్ మీది గీత కొంత. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ పాటని ఆపేంతది కాదు. నెలంతా అయిన చిల్లర ఖర్చులకి జీతం కరిగిపోయి, నెలాఖరున పాలవాడికి ఇవ్వడానికి డబ్బులు లేవంటే తప్పు పాలది కాదు కదా, ఇదీ అంతే. చివరగా తోడైన చిన్న గీతనే అందరూ తప్పుపడతారు. "నిన్నటిదాకా బాగానే పాడింది, ఇవాళే పోయింది" అనిపించేదీ ఇందుకే. పోవడం చాలా ముందే మొదలై ఉంటుంది, సర్దుబాటు ఉన్నంతకాలం మనకి తెలియదు, అంతే.

చెవితో చేసే పరీక్ష

మొదట టైమ్ కౌంటర్ చూడండి. శబ్దం తెగినప్పుడు డిస్‌ప్లేలో సెకన్లు మామూలుగా నడుస్తూనే ఉంటే ప్లేయర్ డిస్క్‌ని బాగానే చదువుతోందన్నమాట. తేడా హెడ్‌ఫోన్ జాక్‌లోనో వైర్‌లోనో ఉంటుంది. జాక్ దగ్గర పిన్నుని మెల్లగా తిప్పితే శబ్దం వస్తూ పోతూ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. టంకం వదిలిన జాక్‌ని గెంతడం అనుకుని లేజర్ మీద చెయ్యి వేసినవాళ్లు చాలామంది. కౌంటర్ కూడా ఎగిరినా, వెనక్కి వచ్చినా, ఆగిపోయినా అది నిజమైన గెంతు.

తర్వాత కంపెనీలో అచ్చయిన, గీతలు లేని, గంటకి పైగా పాటలున్న ఒక సీడీ తీసుకోండి. ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్ ఈ పరీక్షకి పనికిరాదు. కుదుపులకి పాట తెగకుండా చూసే షాక్ ప్రొటెక్షన్ బటన్ ఉంటే ఆఫ్ చేయండి, ప్లేయర్‌ని కదలని టేబుల్ మీద పెట్టండి. మొదటి పాట, మధ్యలో ఒకటి, చివరి పాట వినండి. ఆ తర్వాత ఇంకో డిస్క్‌తో అలాగే చేయండి.

ఒకే డిస్క్‌లో ఒకే చోట గెంతితే తప్పు డిస్క్‌ది. ఏ డిస్క్ పెట్టినా దాదాపు అదే నిమిషం దగ్గర, ఉదాహరణకి 22వ నిమిషం ప్రాంతంలో తడబడితే చూడాల్సింది స్లెడ్. ఆ చోట పట్టా మీద గ్రీజు గడ్డకట్టిందో, పళ్ల చక్రంలో చెత్త ఇరుక్కుందో, పన్ను విరిగిందో. మొదటి పాటలే కష్టమై, ముందుకి జరిపితే బాగా పాడుతుంటే ఎక్కువగా స్పిండిల్ మోటార్‌నో కరెంటునో అనుమానించాలి, ఎందుకంటే అత్యధిక వేగం కావాల్సింది మొదట్లోనే. చివరి పాటల్లోనే ఇబ్బంది అయితే డిస్క్ వంగిందేమో చూడండి. ఊపు బయటి అంచు దగ్గరే ఎక్కువ. డిస్క్ బాగుంటే స్లెడ్ చివరిదాకా తేలిగ్గా వెళ్లడం లేదని అర్థం. ఎక్కడంటే అక్కడ, ఏ డిస్క్ అయినా తడబడితే అప్పుడు లెన్స్, లేజర్, బోర్డు వైపు చూడాలి.

గెంతే ముందు వచ్చే చిటపటలకి కూడా ఒక లయ ఉంటుంది. మొదటి పాటలో సెకనుకి ఎనిమిది సార్లు టక్ టక్ మని వినిపించి, చివరి పాటలకి వచ్చేసరికి అదే చప్పుడు సెకనుకి మూడు సార్లకి తగ్గితే, అది డిస్క్ చుట్టు తిరిగే లయ. గీత గానీ, స్పిండిల్ మీద సరిగ్గా కూర్చోని డిస్క్ గానీ కారణం. ఏ లయా లేని చిటపటలు లేజర్ బలహీనపడ్డప్పుడు, లెన్స్ మసకబారినప్పుడు వస్తాయి.

ఇంకొక పరీక్ష చాలామందికి తెలియదు. పాడుతున్న ప్లేయర్‌ని మెల్లగా నిలువుగా పట్టుకోండి, తర్వాత రెండో పక్కకి వంచండి. ఒక వాలులో మాత్రం బాగా పాడి, సమతలంగా పెట్టగానే తడబడితే లెన్స్ వేలాడే కీలు జారిందనో, మోటార్ బేరింగ్ అరిగిందనో అనుకోవచ్చు. దుమ్ము అయితే వాలు మార్చినా పెద్ద తేడా రాదు.

డిస్క్ సంగతి

గీతల విషయంలో మనం భయపడాల్సిన చోట భయపడం. మెరిసే వైపు పడ్డ గీత గుంటల మీద పడదు, 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అడ్డుంది. లేజర్ ఆ ఉపరితలాన్ని దాటేటప్పుడు దాని వెడల్పు దాదాపు 0.8 మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి సన్నటి గీతలు దానికి లెక్కలేదు. లేబుల్ వైపు పడ్డ గీత అలా కాదు. అల్యూమినియం పొర ఆ ప్రింటు కిందే ఉంది. బాల్‌పెన్‌తో గట్టిగా పేరు రాసినా పొర దెబ్బతినొచ్చు. డిస్క్‌ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే సూదిమొన లాంటి వెలుగు చుక్కలు కనిపిస్తే అక్కడ పొర పోయినట్టే. అది బాగవదు.

గీత ఎటు పడిందన్నది దాని లోతు కంటే ముఖ్యం. మధ్య నుంచి అంచుకి పడ్డ గీతని లేజర్ ఒక్కో చుట్టులో ఒక్క క్షణంలో దాటేస్తుంది, చిప్ ఆ కాస్తని పూడ్చుకుంటుంది. ట్రాక్ వెంట గుండ్రంగా పడ్డ గీత సన్నదైనా ప్రమాదమే, ఎందుకంటే లేజర్ దాని మీదే చాలాసేపు నడవాల్సి వస్తుంది. అందుకే సీడీని ఎప్పుడూ మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ కాదు. కొంగుతోనో టీషర్ట్ అంచుతోనో గుండ్రంగా రుద్దే అలవాటు మన ఇళ్లల్లో చాలా సీడీల్ని పాడు చేసింది. వేలిముద్రలుంటే నీళ్లలో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేసి కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెడితే చాలు.

సీడీ-ఆర్ అయితే ప్లేయర్ వయసు చూడాలి. 80ల ప్లేయర్లు కంపెనీ డిస్క్ నుంచి తిరిగొచ్చే గట్టి వెలుగుని బట్టి తయారైనవి. సీడీ-ఆర్ కాస్త తక్కువ వెలుగుని తిప్పి పంపుతుంది, బాగా రాసినదైతే చాలా ప్లేయర్లు చదువుతాయి. చెరిపి మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ తిప్పి పంపేది 15 నుంచి 25 శాతమే, దాన్ని పాత ప్లేయర్ గుర్తించకపోతే రిపేర్ చేయాల్సిందేమీ లేదు. ఎంపీ3 డిస్క్ కూడా అంతే, దాన్ని పాడే ప్లేయర్లు ఆ తర్వాతి తరానివి. కాగితం స్టిక్కర్ అతికించిన సీడీ-ఆర్ బరువు ఒక పక్కకి ఒరిగి ఊగుతుంది, దాన్ని ఈ చిన్న మోటార్లకి పెట్టకపోవడమే మంచిది.

కరెంటు చిన్న విషయం కాదు

బాస్ బూస్ట్ ఆన్ చేయగానే, లేదా సౌండ్ పెంచగానే గెంతడం ఎక్కువైతే లెన్స్ జోలికి వెళ్లకండి. మోటార్లకి, లేజర్‌కి, హెడ్‌ఫోన్‌కి కలిపి చాలినంత కరెంటు అందడం లేదు. రెండు కొత్త ఆల్కలైన్ సెల్స్‌తో 3 వోల్టులు వస్తాయి, రీచార్జబుల్ సెల్స్‌తో 2.4 వోల్టులే. దాంతో నడిచే ప్లేయర్లు చాలానే ఉన్నాయి గానీ, మోటార్ అరిగిన ప్లేయర్‌కి ఆ తేడానే ఎక్కువైపోతుంది. పరీక్ష చేసేటప్పుడు మాత్రం కొత్త ఆల్కలైన్ సెల్సే వేయండి.

సెల్స్ పెట్టే గూటిలో తెల్లటి పొడి పట్టి ఉంటే పాత సెల్స్ కారాయన్నమాట. అది క్షారం. ఇయర్‌బడ్‌ని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో తడిపి స్ప్రింగుల మీద రాస్తే సన్నగా నురగ వస్తుంది, ఆ పొడి కరిగిపోతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఆకుపచ్చ మరక స్ప్రింగు దాటి వైరు వెంట లోపలికి పాకి ఉంటే ఆ వైరు మార్చాల్సిందే.

అడాప్టర్ వాడేవాళ్లు ప్లేయర్ మీద ఉన్న బొమ్మ చూడాలి. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా, ఎన్ని వోల్టులు అన్నది ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం. 4.5, 6, 9 వోల్టులవి అన్నీ ఉన్నాయి. పైగా పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం చవక అడాప్టర్ల మీద 4.5 అని రాసి ఉన్నా, లోడ్ లేనప్పుడు అంతకంటే బాగా ఎక్కువ వస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూడకుండా గుచ్చొద్దు.

లెన్స్, పట్టాలు

లెన్స్ తుడవడం ఐదు నిమిషాల పని. ముందు రబ్బరు బ్లోయర్‌తో గాలి ఊది పొడి దుమ్ము పోగొట్టాలి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి. తర్వాత ఇయర్‌బడ్‌కి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం తడి చేసి, వేలితో నొక్కినా చుక్క కారనంతగా పిండి, లెన్స్ మీద ఏ మాత్రం ఒత్తకుండా ఒకటి రెండుసార్లు తిప్పాలి. ఆ ఆల్కహాల్ కోఠీ గుజరాతీ గల్లీ వైపు ఎలక్ట్రానిక్ స్పేర్ షాపుల్లో అడగండి. మొబైల్ రిపేర్ చేసేవాళ్లు రోజూ వాడేది కూడా అదే. అసిటోన్, నెయిల్‌పాలిష్ రిమూవర్, సెంటు, శానిటైజర్ జెల్ లాంటివి లెన్స్ దగ్గరికి రానివ్వకూడదు. చాలా లెన్స్‌లు ప్లాస్టిక్‌వి, అవి ఒక్కసారికే మసకబారిపోతాయి. బాగా పాతబడ్డ ప్లేయర్లలో దుమ్ము లెన్స్ కింద, లోపలి అద్దం మీద కూడా పడుతుంది. అది పైనుంచి తుడిస్తే పోదు. "లెన్స్ క్లీన్ చేశాను, ఏం లాభం లేదు" అనే సందర్భాల్లో కొన్ని ఇవే.

నన్నడిగితే లెన్స్ కంటే ఎక్కువసార్లు పాటని ఆపేది స్లెడ్ పట్టా. 30 ఏళ్ల కింద ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు మన ఎండలకి, దుమ్ముకి మైనంలా గట్టిపడి, పసుపు గోధుమ రంగుకి తిరుగుతుంది. అప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. పాట సాగేకొద్దీ లెన్స్ కొద్దికొద్దిగా బయటివైపు వాలుతుంది. ఒక మేరకి వాలాక సర్క్యూట్ స్లెడ్ మోటార్‌కి చిన్న తోపు ఇస్తుంది, పికప్ వెంట్రుకవాసి కదిలి లెన్స్ మళ్లీ మధ్యకి వస్తుంది. గ్రీజు గట్టిపడితే మొదటి తోపుకి పికప్ కదలదు. సర్క్యూట్ ఇంకా ఎక్కువ వోల్టేజ్ ఇస్తుంది, అయినా కదలదు. ఈలోగా లెన్స్ తన చివరి హద్దు దాకా వాలిపోతుంది. అప్పుడు పికప్ ఒక్కసారిగా పట్టు విడిపించుకుని ముందుకి దూకుతుంది, లేజర్ డజన్ల కొద్దీ ట్రాకులు దాటేస్తుంది. మనకి అది పాట గెంతినట్టు వినిపిస్తుంది. లేజర్, లెన్స్, డిస్క్ అన్నీ బాగున్నా సరే.

దీన్ని పోగొట్టడానికి పట్టా మీద, పళ్ల చక్రాల సందుల్లో పాత గ్రీజుని ఆల్కహాల్ ఇయర్‌బడ్లతో మొత్తం తీసేయాలి. ఒకదాని తర్వాత ఒకటి గోధుమ రంగుకి తిరిగిన బడ్లు పక్కన పడుతుంటాయి, తెల్లగా వచ్చేదాకా ఆపకూడదు. పళ్ల సందుల్లో ఆరిన గడ్డని చెక్క టూత్‌పిక్‌తో లాగాలి, లోహపు సూదితో కాదు. తర్వాత చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పి పికప్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించండి. ఎక్కడా పట్టేయకుండా పోవాలి. చివరగా ప్లాస్టిక్‌కి హాని చేయని పల్చటి గ్రీజు గసగసాల గింజంత పెడితే చాలు. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేయొద్దు. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, కుట్టుమిషన్ నూనె పాకుతూ పోయి చివరికి లెన్స్ మీదికి చేరుతుంది.

పికప్, పట్టాలు బిగించి ఉండే బల్లని మోసే చిన్న రబ్బరు దిండ్లు కూడా ఆ సమయంలోనే చూసుకోండి. గట్టిపడితే అడుగుల అదురు నేరుగా లెన్స్‌కి చేరుతుంది, జిగురుగా కరిగిపోతే బల్ల ఒక పక్కకి ఒరిగిపోతుంది. డిస్క్ ఇరికే స్పిండిల్ దగ్గర మూడు చిన్న గోళీలు గానీ కొక్కేలు గానీ ఉంటాయి. డిస్క్‌ని నొక్కినప్పుడు టక్ మని కూర్చోకపోతే ఎంత మంచి ప్లేయర్ అయినా తడబడుతుంది.

లేజర్ స్క్రూ

పికప్ పక్కన, లేదా బోర్డు మీద, చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పే ఒక పాట్ (స్క్రూ లాంటి సర్దుబాటు నాబ్) ఉంటుంది. లేజర్ వెలుగుని నిర్ణయించేది అది. పాత ప్లేయర్లలో ఫోకస్, ట్రాకింగ్ సర్దే పాట్లు కూడా విడిగా ఉంటాయి. మా మిత్రుడు తన ప్లేయర్‌ని ఊళ్లో ఓ రిపేర్ షాపుకి తీసుకెళ్తే, మూత తీయగానే అక్కడి కుర్రాడు, "అన్నా, లేజర్ డల్ అయింది. జర పెంచితే మంచిగ పాడ్తది," అన్నాడు. "పట్టాలు, మోటారు ఒకసారి చూడరాదా భాయ్?" అని అడిగితే, "అవన్నీ ఎందుకన్నా, ఇది తిప్పితే అయిపోతది," అని తిప్పేశాడు. నిజంగానే అయిపోయింది. ఆ వేళ అద్భుతంగా పాడింది. కొన్ని వారాలకే డిస్క్ లేదని చూపించడం మొదలుపెట్టింది, మళ్లీ పాడలేదు.

ఆ పని ఎందుకు ఫలిస్తుందో, ఎందుకు చంపేస్తుందో రెండూ ఒకే కారణం. వెలుగు పెరిగితే సిగ్నల్ పెరుగుతుంది, సర్దుబాటు హద్దు పెరుగుతుంది, దాంతో గట్టిపడ్డ గ్రీజు, నీరసపడ్డ మోటార్ లాంటి అసలు లోపాలు కాసేపు కప్పబడిపోతాయి. కానీ ఆ వెలుగు కోసం, లేజర్‌ని పుట్టించే డయోడ్ ఎక్కువ కరెంటు తాగుతుంది. వయసు మీదపడ్డ డయోడ్ ఆ భారం మోయలేదు. వెలుగు నిజంగా తగ్గిందో లేదో తెలియాలంటే సిగ్నల్‌ని తెర మీద గీతలుగా చూపే ఆసిలోస్కోప్‌లో పికప్ సిగ్నల్ చూడాలి. వజ్రాల వరుసలా విడివిడిగా, స్పష్టంగా కనిపిస్తే లేజర్ బాగుందని అర్థం. సోనీ పికప్‌లు చాలావాటి మీద అతికించిన చీటీలో చివరి మూడు అంకెలు ఆ డయోడ్ కొత్తగా ఉన్నప్పుడు తీసుకునే కరెంటు చెబుతాయి. 473 అంటే 47.3 మిల్లీఆంపియర్లు. ఇప్పుడు కొలిస్తే అంతకంటే బాగా ఎక్కువ తాగుతుంటే డయోడ్ అరిగింది. ఈ రెండూ కొలవకుండా ఆ స్క్రూ తిప్పనివ్వకండి. తప్పనిసరిగా తిప్పాల్సి వస్తే ముందు దాని స్థానాన్ని ఫోటో తీసుకోండి.

మూత తెరిచి పరీక్ష చేసేటప్పుడు లెన్స్‌లోకి కన్ను పెట్టి చూడొద్దు. కిరణం దాదాపు కనపడదు గానీ కంటికి హాని చేయగలదు. పక్క నుంచి, చెయ్యి దూరంలో చూస్తే చాలు. ప్లే నొక్కగానే లెన్స్ రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడాలి, అది ఫోకస్ వెతుక్కోవడం. ఆడుతున్నా డిస్క్ తిరగకపోతే సిగ్నల్ రావడం లేదు. అసలు ఆడకపోతే కాయిల్ లేదా సర్క్యూట్.

షాక్ ప్రొటెక్షన్ ఏం చేయగలదు

సోనీ డీ-50 1984లో వచ్చినప్పుడు అందులో మెమరీ లేదు, వెంట పెట్టుకుని నడిస్తే గెంతేది. 90ల మొదట్లో మెమరీ చిప్పులు తోడయ్యాయి. సీడీ సెకనుకి దాదాపు 14 లక్షల బిట్ల శబ్దం ఇస్తుంది, కాబట్టి 4 మెగాబిట్ల చిప్‌లో పట్టేది మూడు సెకన్లే. అదే చిప్‌తో 10 సెకన్లు అని రాసి ఉంటే శబ్దాన్ని కుదించి దాచుకుంటోందన్నమాట. ఇంట్లో కూర్చుని వినేటప్పుడు దాన్ని ఆఫ్ చేస్తే చాలా ప్లేయర్లలో శబ్దం తేటగా వస్తుంది, చెవి పెట్టి వినేవాళ్లకి తెలిసిపోతుంది.

మెమరీ ముందుగా నిండాలంటే డిస్క్ రెట్టింపు వేగంతో తిరగాలి, అంటే మొదట్లో నిమిషానికి 1000 చుట్లు. సిటీ బస్సు కుదుపుకి ట్రాక్ తప్పినా దాచుకున్నది వినిపిస్తూ, ఈలోగా మళ్లీ చోటు వెతుక్కుంటుంది. కుదుపుకి అది మంచి మందు. కానీ గీతకి, మసక లెన్స్‌కి, చచ్చుబడ్డ మోటార్‌కి కాదు. మళ్లీ చదివినా అక్కడ అదే అడ్డు. పైగా మోటార్ అరిగిన ప్లేయర్ ఆ రెట్టింపు వేగాన్ని అందుకోలేక, బటన్ ఆన్ చేస్తేనే ఎక్కువ గెంతుతుంది. ఆన్ చేస్తే గెంతి, ఆఫ్ చేస్తే పాడితే మోటార్‌ని, సెల్స్‌ని చూడండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. 80ల చివర, 90ల మొదట్లో తయారైన బోర్డుల మీది చిన్న వెండిరంగు కెపాసిటర్లు కారడం మామూలే. బోర్డు దగ్గర చేపవాసన, కాళ్ల చుట్టూ తడిమరక ఉంటే అవే. వాటిని చెయ్యి తిరిగిన టెక్నీషియన్‌తోనే మార్పించాలి, తొందరపడి లాగితే బోర్డు మీది రాగిరేకు ఊడొస్తుంది. వానాకాలంలో ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన ప్లేయర్ లెన్స్ మీద మంచులా తేమ పడుతుంది. గంటసేపు ఆన్ చేయకుండా వదిలేస్తే అదే ఆరిపోతుంది, ఏ రిపేరూ అక్కర్లేదు. కొత్త పికప్ తెప్పిస్తే దాని మీద స్టాటిక్ (ఒంటి మీద పేరుకునే స్థిర విద్యుత్తు) నుంచి రక్షణగా వేసిన టంకం చుక్క ఉంటుంది. వైరు కలిపాకే దాన్ని తీయాలి, తీయడం మర్చిపోతే డిస్క్ చదవదు. ముందే తీసేస్తే చేతి స్టాటిక్‌కే లేజర్ పోవచ్చు.

సంతలో కొనేవాళ్లు రెండు కొత్త సెల్స్, నిండా పాటలున్న ఒక కంపెనీ సీడీ, హెడ్‌ఫోన్ వెంట పెట్టుకెళ్లండి. సెల్స్ గూడు తెరిచి తెల్లపొడి ఉందేమో చూడండి. బోర్డు ఏదైనా కనిపిస్తే వాసన చూడండి. షాక్ ప్రొటెక్షన్ ఆఫ్ చేసి మొదటి పాట, ఆ వెంటనే చివరి పాట వినండి. మధ్యలోంచి నెక్స్ట్ బటన్ పదేపదే నొక్కితే స్లెడ్ ఎంత తేలిగ్గా నడుస్తోందో అక్కడికక్కడే తెలుస్తుంది. చదవని ప్లేయర్ అయినా మీ దగ్గరున్న మోడలే అయి, లెన్స్ మీద గీతలు లేకుండా చవకగా ఇస్తే తీసుకోండి. పళ్ల చక్రాలు, రబ్బరు దిండ్లు, స్పిండిల్ మోటార్ విడిగా దొరకడం కష్టం, వాటికి ఇంకో పాత ప్లేయరే దిక్కు. ఇంటికి తెచ్చాక, వాడని రోజుల్లో సెల్స్ తీసి పక్కన పెట్టండి.